కాగితంలో లేని గుంతలు

షాద్‌నగర్ బస్టాండు ఎదుట దసరాకు పది రోజుల ముందు నుంచే ఆటోల్లో తంగేడు పువ్వు దిగుతుంది. కట్టలు కట్టి, గోనెపట్టాల మీద నీళ్లు చల్లి, గునుగును ఒక పక్క, సీతజడల్ని ఇంకో పక్క పేర్చుకుని ఎక్కడెక్కడి ఊళ్ల ఆడవాళ్లో వచ్చి కూర్చుంటారు. బడిలో పాఠాలు చెప్పి ఇంటికి వెళ్లే దారిలో నేను అక్కడ కాసేపు ఆగుతాను. తంగేడు కొమ్మ విరిచినప్పుడు వచ్చే పచ్చి వగరు వాసన ముక్కుకు తగలగానే నా అరికాళ్ల కింద నేల ఒక్క క్షణం మెత్తబడినట్టవుతుంది. చిన్ననాటి పండుగ వాసనకు మనసు తీపెక్కుతుందని అందరూ అంటారు. నాకు మాత్రం కోపం వస్తుంది. పదేళ్లయినా చల్లారని ఆ కోపాన్ని నేను పోగొట్టుకోదలచుకోలేదు. అది మా అవ్వ నాకిచ్చిన ఆస్తి.

మా ఊరు షాద్‌నగర్‌కు బస్సులో ముప్పావు గంట. అప్పటికింకా పాలమూరు జిల్లాయే. ఊరికి పడమట ఒక బోడగుట్ట, ఆ గుట్ట వాలంతా తెల్లటి పలుగురాళ్లు. ఎండాకాలం మధ్యాహ్నం అటు చూస్తే కళ్లు చెదిరి నీళ్లు కారేవి. తొలకరి వానకు మట్టి కొట్టుకుపోయిన చోట కాకిబంగారం రేకులు తేలేవి, వాటిని ఏరుకుని ఉమ్మితో నుదుటికి అంటించుకుని మేం ఆడపిల్లలం పెళ్లికూతుళ్ల ఆట ఆడేవాళ్లం. రెండు పలుగురాళ్లు తెచ్చి, తలుపులు మూసిన కొట్టంలో ఒకదానితో ఒకటి గట్టిగా కొడితే రాయి లోపల దీపం వెలిగినట్టు వెలిగి, వెంట్రుక కాలినట్టు ఒక వాసన వచ్చేది. ఆ వాసన వస్తే చాలు, ఎక్కడున్నా అవ్వకు తెలిసిపోయేది. "పారెయ్‌రి గా రాళ్లను!" అని వాకిట్లోంచి అరిచేది. ఎందుకంత కోపమో మాకు తెలిసేది కాదు.

అవ్వ పేరు బాలమ్మ, మా నాయినకు తల్లి. అప్పటికి అరవై దాటినా నిట్రాడులా నిటారుగా నడిచేది. పొద్దున్నే జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, వెల్లుల్లి కారం తిని, కొంగు నడుముకు చెక్కి, చేతికర్ర పట్టుకుని బయలుదేరేది. ఆ కర్ర ఆసరా కోసం కాదు. అడుగు వేసేముందు నేలను ఒకసారి పొడిచి, ఆ చప్పుడు విని, తర్వాత అడుగు వేసేది. ఇంటి వాకిట్లో కూడా అలాగే నడుస్తుందని మేం వెనక నుంచి వెక్కిరిస్తూ నడిచేవాళ్లం. గుట్ట మీద జంటగుండ్లని రెండు పెద్ద బండలుండేవి. వాటిని దాటి పైకి పోకూడదన్నది ఆమె మాకు పెట్టిన ఒకే ఒక్క కట్టుబాటు. సీతాఫలాలు పండి పగిలే కాలంలో కూడా, పిట్టలు తిన్నా సరే, జంటగుండ్ల పైనున్న పండు మాది కాదు.

ఆ పైన గనులుండేవి. మా నాయిన చిన్నతనంలో పట్నం నుంచి ఎవరో వచ్చి, గుట్ట పక్క భూమిని లీజుకు తీసుకుని పలుగురాయి తవ్వించారు. లారీల్లో వెళ్లిన ఆ రాయిని గాజు తయారీకి ఎక్కడో మిల్లులో పిండి చేసేవారట. మంగలి దుకాణంలో పెద్ద అద్దం కనబడితే అవ్వ మొహం తిప్పుకునేది. "అండ్ల మా రాయే ఉంటది" అనేది. అవ్వ, మా తాత, అవ్వకు చెల్లెలు వరసయ్యే చంద్రవ్వ, ఇంకా ఊళ్లో సగం మంది అక్కడే పనిచేశారు. సుత్తె, ఉలి, గంప తప్ప మొహానికి కట్టుకునే గుడ్డ కూడా ఎవరూ ఇవ్వలేదు. సాయంత్రానికి తలలు, కనుబొమలు తెల్లబడి, ఇరవై ఏళ్ల వాళ్లు కూడా ముసలివాళ్లలా ఇంటికి వచ్చేవారని, పిల్లలు తల్లిని పోల్చుకోలేక ఏడ్చేవారని అవ్వ నవ్వుతూ చెప్పేది. రాయి అయిపోగానే వాళ్లు గుంతల్ని అలాగే నోళ్లు తెరిచి వదిలేసి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఒక్కొక్కరికీ ఊపిరందని దమ్ము మొదలైంది. తాత నేను పుట్టకముందే పోయాడు. దవాఖానలో టీబీ అని రాసి ఆ గోళీలే మింగించారట. మింగినన్నాళ్లు మింగాడు, ఒకనాడు మంచం మీద కూర్చునే ఊపిరి అందక పోయాడు.

చంద్రవ్వ బతికే ఉండేది. ఊరి చివర ఒంటిగదిలో, పగలంతా గడప పక్క మంచం మీద కూర్చుని ఉండేది. పడుకుంటే ఊపిరాడదు కాబట్టి ఆమె పడుకోగా నేనెప్పుడూ చూడలేదు. ఒక మాటకూ ఇంకో మాటకూ నడుమ ఆగి, ఈల వేసినట్టు గాలి పీల్చి, మళ్లీ అందుకునేది. అయినా ఊళ్లో ఆమెంత జోకులేసే మనిషి లేదు.

తెలంగాణ వచ్చాక అది రెండో బతుకమ్మ. నేను ఆరో తరగతి. ఆ ఏడాది గుట్ట కింద ఒక వెంచరు పడింది. డోజర్లు తెచ్చి వాలంతా చదును చేసి, ఎర్రమట్టి పరిచి, ప్లాట్లకు రంగు వేసిన హద్దురాళ్లు పాతారు. జంటగుండ్లను కూడా పగలగొట్టి పక్కకు తోశారు. మాకు సంతోషమే అనిపించింది. గుండ్లే లేనప్పుడు ఇంక కట్టుబాటు ఏముంది?

తొలిరోజు, ఎంగిలిపూల బతుకమ్మ నాడు పొద్దున్నే నేనూ, ఇంకో ముగ్గురు పిల్లలమూ పువ్వు కోసం పైకి వెళ్లాం. మంచుకు గునుగు తడిసి బరువుగా వంగి ఉంది. పైన ఒకచోట తంగేడు గుబురుగా, పచ్చగా, ఎవరూ ముట్టని బంగారంలా పూసింది. అంత గుబురుగా అక్కడే ఎందుకు పూసిందో ఆలోచించే వయసు కాదు. ఒక కొమ్మ విరిచాను. రెండో కొమ్మ కోసం ఒక అడుగు ముందుకు వేశాను. నేల నా కాలి కింద నుంచి పోయింది.

మొదట నడుము దాకా దిగాను, తర్వాత మెడ దాకా, ఆ తర్వాత పైనున్న వెలుతురు చిన్నదైపోయింది. కంప గీరుకుపోయింది, మట్టి కళ్లలో పడింది, చేతికి ఒక తంగేడు వేరు దొరికింది. నా పక్క నుంచి జారిన రాళ్లు ఎంతోసేపటికి ఎక్కడో కింద నీళ్లలో పడ్డాయి. పైన పిల్లలు ఏడుస్తున్నారు. అంతలో అవ్వ గొంతు వినబడింది. మేం గుట్టెక్కుతున్నామని ఎవరో చెబితే మా వెనకే వచ్చిందట.

బోర్లా పడుకుని, తల ఒక్కటే గుంతలోకి వంచి, వంటింట్లో ఉప్పు అందుకోమని చెప్పినంత నిదానంగా చెప్పింది.

"బిడ్డా, కిందికి చూడకు. ఎడమ కాలు జర పక్కకు జరుపు. మెట్టుంటది."

"లేదవ్వా."

"ఉంటది. ఇంకో జానెడు కిందికి. నేను కొట్టిన మెట్టు నాకెరుక లేదా?"

ఉంది. వేళ్లు ఆనేంత మెట్టు, రాతిలో ఉలితో కొట్టిన మెట్టు, నా ఎడమ పాదం కింద చల్లగా తగిలింది.

"ఇప్పుడు కుడి దిక్కు, మోకాలెత్తుల ఇంకోటుంటది. దాని మీద కాలు పెట్టి లెవ్వు."

అది కూడా ఉంది. పిల్లలు ముగ్గురూ అవ్వ కాళ్లు పట్టుకున్నారు, అవ్వ నా మణికట్టు పట్టుకుంది. పైకి వచ్చాక ముందు నా చెంప మీద ఒకటి కొట్టింది, తర్వాత నన్ను ఒళ్లో వేసుకుని చాలాసేపు వణికింది. ఆ వణుకు తగ్గాక లేచి, కర్రతో గుంత అంచు చుట్టూ కెలికి చూసింది. కంప అడ్డం వేసి, పైన గోనెపట్టాలు పరిచి, వాటి మీద మట్టి పోసి ఉంది. "పూడ్సలేదు. కప్పిండ్రు" అంది.

నన్ను అలాగే, చిరిగిన లంగాతో, రక్తం కారుతున్న మోచేతులతో, కింద షామియానా వేసుకుని కూర్చున్న వెంచరాయన దగ్గరికి తీసుకుపోయింది. ఆయన మర్యాదస్తుడే. నాకు మంచినీళ్ల సీసా ఇచ్చాడు. తర్వాత ఒక పటం విప్పి అవ్వకు చూపించాడు.

"చూడవ్వా, ఇది పడావు భూమి. సర్కారు పహాణీలో గుట్ట అని ఉంది, అంతే. గనులు లేవు, గుంతలు లేవు. ఏదో పాత బొరియలో పాప కాలు జారింది. పిల్లల్ని మీరే జాగ్రత్తగా చూసుకోవాలి."

"అయితే కాగితంల లేకుంటే లేనట్టేనా?"

"అంతే కదా మరి."

అవ్వ ఆయన్ని కాసేపు పైకీ కిందికీ చూసింది. "మంచిది. అయితే కాగితం మీదికి ఎక్కిస్తం" అని నా చెయ్యి పట్టుకుని వచ్చేసింది.

ఇంట్లో పెద్ద గొడవైంది. నాయిన షాద్‌నగర్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పొద్దున్నే బస్సెక్కి, పొద్దుగూకినాక దిగేవాడు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. "పెద్దోళ్లతోని మనకెందుకమ్మా? పిల్ల దక్కింది, గంతే చాలు" అన్నాడు.

"మీ నాయిన గూడ గదే అన్నడు" అంది అవ్వ. "దగ్గుకుంట దగ్గుకుంట అన్నడు."

అవ్వ ఆగలేదు. ఆ రోజు ఆమె అన్న మాటలు నాకు ఇప్పటికీ ఒక్క అక్షరం పోకుండా గుర్తు.

"గుంత లేదంటే గని లేదు. గని లేదంటే అండ్ల పనిచేసినోళ్లు లేరు. పనిచేసినోళ్లే లేకుంటే మీ నాయిన దేనితోని సచ్చిపోయినట్టు? ఎవలం రా మేము? గాలికి పుట్టినమా?"

మరునాటి నుంచే మొదలుపెట్టాం. అవ్వకు చదువు రాదు, నాకు గుంతలు తెలియవు. ఇద్దరం కలిస్తే ఒక మనిషికి సరిపోతాం. అయిదో తరగతి సైన్సు నోటుబుక్కులో వెనక మిగిలిన తెల్లకాగితాలు మా రికార్డు అయ్యాయి. దూరాలు అవ్వ అడుగులతోనే కొలవాలని తీర్మానం. నేనూ నడుస్తానంటే ఒప్పుకోలేదు. "నీ అడుగు ఏడాదికేడాది పెరుగుతది. నాది పెరగది. గందుకే నాదే లెక్క" అంది. జంటగుండ్లు ఉండిన చోటు నుంచి సూర్యుడు పొడిచే దిక్కుకు వీపు పెట్టి ఇన్ని అడుగులు, అక్కడి నుంచి ఎడమకు ఇన్ని అడుగులు అని ఆమె చెబుతుంటే నేను మోకాలి మీద పుస్తకం పెట్టుకుని రాసేదాన్ని.

లోతు ఎలా కొలవాలో తెలియలేదు. తాడుకు ముడులు వేస్తే, తడిసినప్పుడు అది సాగేది. అప్పుడు మా అమ్మ ముందుకొచ్చింది. అమ్మ పుట్టిల్లు చిట్యాల దగ్గర, మగ్గాల ఇల్లు. పెళ్లయి మా వ్యవసాయపు ఇంటికి వచ్చాక ఆ పని చేతికి అందక, ఎప్పుడూ ఏదో పోగొట్టుకున్నదానిలా ఉండేది. ఎవరితోనూ ఏమీ అనకుండా పుట్టింటికి వెళ్లి గట్టి నూలు తెచ్చింది. రెండు రోజులు కూర్చుని మూరకొకచోట బిగుతుగా కట్లు కట్టి, దారమంతా ఎర్రరంగులో ముంచి, ఆరాక కట్లు విప్పింది. కట్టున్న చోటల్లా తెల్లగా మిగిలింది. ఎర్రటి దారం మీద మూరకో తెల్ల గుర్తు, ఎంత నానినా చెరగని గుర్తు. కొనకు తూకం రాయి కట్టి అవ్వ చేతికిచ్చి, "ఇగ కొలువు అత్తమ్మా" అంది. మా ఇంట్లో అత్తాకోడళ్లు ఒకరినొకరు చూసి నవ్వుకోవడం నేను చూసింది ఆనాడే.

నోరు తెరిచి ఉన్న గుంతల్ని రాయడం సులువు. కప్పేసిన వాటిని పట్టుకోవడమే విద్య. ఆ విద్య అవ్వకు ఎంత తెలుసో చూసి నేను నోరెళ్లబెట్టేదాన్ని. సీతాఫలం చెట్లు వలయంగా ఒకదాన్నొకటి ఆనుకుని మొలిచిన చోట నడుమ గుంత ఉంటుంది, అంచున తేమ ఉంటుంది కాబట్టి. తెల్ల చిప్పరాయి కుప్ప ఉంటే దానికి పది అడుగుల లోపలే ఉంటుంది, గంప మోసేవాళ్లు అంతకు మించి నడవరు కాబట్టి. మేకలు ఒక దారిన పోతూ పోతూ ఒకచోట ఊరికే పక్కకు తిరిగితే, ఆ తిరిగిన చోట కర్రతో పొడిచి చూడాలి. వాన వెలిశాక మట్టి సాసరులా కుంగుతుంది. ఇక చలికాలం పొద్దున, మంచు పట్టిన నేలలో ఒక్కచోట మాత్రం సన్నగా ఆవిరి లేస్తుంది. "గదిగో, గుంత ఊపిరి తీస్తాంది" అని చూపించేది. మనుషుల ఊపిరి తీసిన గుంతలు తాము మాత్రం హాయిగా ఊపిరి పీల్చుకుంటున్నాయని నాకు అప్పుడు తోచలేదు, పెద్దయ్యాక తోచింది.

సద్దుల బతుకమ్మ పోయింది, దీపావళి పోయింది. బడి లేని రోజుల్లో సత్తుపిండి మూటకట్టుకుని వెళ్లేవాళ్లం. సాయంత్రం తిరిగొస్తూ చంద్రవ్వ దగ్గర ఆగేవాళ్లం. ఆమె గుట్టెక్కలేదు, కానీ గుట్టంతా ఆమె తలలో ఉంది. మంచం పక్క నేల మీద చింతగింజలు పరిచి, ఒక్కో గింజ ఒక్కో గుంత అని చూపించేది. నేను రాసింది చదివితే కళ్లు మూసుకుని వినేది.

"పదకొండోది... యాది మర్సినవ్ బాలక్కా. సద్ది తినే గుంత. గండ్ల నీళ్లు... తియ్యగుంటుండె."

గుంతలన్నిటికీ పేర్లున్నాయి. సద్ది తినే గుంత, ఎంకటమ్మ గుంత, కవలల గుంత, దగ్గుల గుంత. పదిహేడు లెక్కతేలాయి. పదిహేడూ రాశాక ఆమెకు గర్వంగా చదివి వినిపించాను. చంద్రవ్వ సంతోషిస్తుందనుకున్నాను. ఆమె ముఖం ముడుచుకుంది.

"ఎంత లోతో రాసినవ్, ఎంత దూరమో రాసినవ్. ఎవలు తవ్విండ్రో... రాయకపోతివి బిడ్డా."

మళ్లీ మొదటి నుంచి మొదలైంది. ఒక్కో గుంత కింద అందులో పనిచేసినవాళ్ల పేర్లు. ఆమె ఒక పేరు చెప్పి ఊపిరి కోసం ఆగేది, ఆ లోపల అవ్వ ఇంకో పేరు అందించేది. ప్రతి పేరు దగ్గరా నేను "ఉన్నరా?" అని అడిగేదాన్ని. ఇద్దరూ తలలు అడ్డంగా ఊపేవారు. కొన్ని రోజులకు అడగడం మానేశాను. ఆ పని పూర్తయిన తర్వాత, మామిడి పూత రాలుతున్న రోజుల్లో, చంద్రవ్వ కూర్చునే పోయింది. ఆమె మంచం కింద చింతగింజలు పదిహేడు అలాగే ఉన్నాయి. ఎవరూ ఊడవలేదు.

నోటుబుక్కు పట్టుకుని తహసీల్దారు ఆఫీసుకు వెళ్లాం. అక్కడి గుమస్తా పుస్తకం తిరగేసి, ఒకవైపు పువ్వు భాగాల బొమ్మ, రెండోవైపు గుంతల లెక్క చూసి పగలబడి నవ్వాడు. "పిల్లల హోంవర్కు ఇక్కడ తీసుకోరు" అన్నాడు. అవ్వ వాదించలేదు. బయట మెట్ల మీద కూర్చుంది. మరునాడూ కూర్చుంది. మూడోనాడు సద్దిమూట విప్పి గుమస్తాకు కూడా ఒక రొట్టె ఇచ్చి, "తిను బిడ్డా, నువ్వు ముద్రేసిన రసీదు ఇచ్చేదాంక నేను లెవ్వ" అని చెప్పింది. ఆ మధ్యాహ్నం రసీదు దొరికింది.

రసీదు అయితే దొరికింది, జవాబు రాలేదు. అంతలో జిల్లాలు మారాయి. మేం పాలమూరు కాదు, రంగారెడ్డి అన్నారు. మా కాగితం పాత జిల్లాకు పోయిందనీ, అక్కడి నుంచి రాలేదనీ, కొత్తగా ఇవ్వాలనీ చెప్పారు. అవ్వ కర్ర నేలకు కొట్టి అడిగింది:

"జిల్లా మారింది సరే. గుంతలు గూడ జరిగినయా?"

గుమస్తా ఈసారి నవ్వలేదు. ఇంటికి వచ్చి నేను పదిహేడు గుంతలూ, అన్ని పేర్లూ మళ్లీ మూడు ప్రతులు రాశాను. వేలు వాచింది. ఒక ప్రతి ఆఫీసులో ఇచ్చాం, ఒకటి బడిలో సారుకు ఇచ్చాం, ఒకటి అమ్మ తన పెళ్లి చీరల మడతల్లో దాచింది.

భూముల రికార్డులు మళ్లీ సరిచూస్తున్న ఏడాది, చివరికి సర్వేయరు వచ్చింది. చిన్న వయసు అమ్మాయి, ఎండకు తలకు చున్నీ చుట్టుకుని, మిషను స్టాండు తానే భుజాన వేసుకుని గుట్టెక్కింది. వెంచరాయన కూడా వచ్చాడు. పైనున్న గుంతల్ని చూసి, ఎవరో రాళ్లెత్తుకుపోతే పడిన చిన్న గుంతలని కొట్టిపారేశాడు. అమ్మ కట్టిన దారం వాటిలోకి దిగి దిగి ఆగకపోయేసరికి మాట మార్చాడు.

ఇక తొమ్మిదోది. నా పుస్తకం ప్రకారం అది వెంచరు నడిమధ్యన వేసిన రోడ్డు కింద ఉంది. "రోడ్డు మీద రోలరు తిరిగింది మేడం, కింద గుంతుంటే రోలరు నిలుస్తదా?" అని ఆయన నవ్వాడు. సర్వేయరు నావైపు చూసింది. పుస్తకం తెరిచి, అంకెలు చదివాను. అవ్వ నడిచింది. రెండేళ్లలో ఆమె నడక కుంటుబడింది, ఒక మోకాలు వంగడం లేదు. అడుగు తగ్గిందేమోనని నాకు భయం. ఒక చోట ఆగింది. కర్రతో పొడిచింది, విన్నది. ఇంకో అడుగు పక్కకు జరిగి మళ్లీ పొడిచింది.

"గీడ ఎయ్యిరి గడ్డపార."

కూలీ ఒకాయన గడ్డపారతో పొడిచాడు. కంకర లేచింది, మట్టి లేచింది. నాలుగో పోటుకు గడ్డపార ఆయన చేతిలోంచి జారి నేలలోకి పోయింది. మొత్తం పోయింది. ఆయన ఖాళీ చేతుల్ని చూసుకుంటూ నిలబడ్డాడు. చాలాసేపటికి కింద ఎక్కడో ఇనుము రాతికి తగిలి మోగింది.

సర్వేయరు మోకాళ్ల మీద కూర్చుని, పటం మీద ఒక గుర్తు పెట్టి, పక్కన 'పాత గని' అని రాసింది. రాసి, పైకి అవ్వకు చదివి వినిపించింది. అవ్వ ఆ రెండు మాటలూ మళ్లీ చదవమంది. మూడోసారి కూడా చదివించుకుంది.

గెలిచామని చెప్పను. పదిహేడింటిలో ఎనిమిదే రికార్డులోకి ఎక్కాయి. మిగతా వాటి మీద అప్పటికే గోడలు లేచాయి, ఆనవాలు దొరకలేదని రాసుకుని వెళ్లారు. పై వాలు ప్లాట్లు ఆగిపోయాయి. ఎనిమిది గుంతల చుట్టూ రాతి కడీలు పాతి కంచె వేశారు. కంచె వేసిన నాడు నాయిన ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, ఎవరూ పిలవకుండానే వచ్చి, భుజాల తోలు ఊడేదాకా కడీలు మోశాడు. కానీ తాత ఊపిరితిత్తుల్లో ఉన్నది రాతిదుమ్మని ఒప్పుకున్నవాళ్లు నేటికీ లేరు.

ఇప్పుడు మా గుట్ట సగమే ఉంది. మిగతా సగం క్రషర్ల నోట్లో పడి కంకరై, రోడ్లయి పోయింది. కాకిబంగారం రేకులు లేవు, మేకల మందలు లేవు. ఆ గుంతల్లో దిగి ఎక్కినవాళ్లలో అవ్వ ఒక్కతే మిగిలింది. ఆమెకు చూపు మందగించింది. నెలకోసారి పుస్తకం చదివి వినిపించమంటుంది, ఒక్క అంకె తప్పు చదివినా ఆపుతుంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ముసలివాళ్లు "మా దగ్గర గూడ ఉన్నయి బిడ్డా, రాసుకో" అని కబురు పెడతారు. ఆదివారాలు వెళ్తాను. ఇప్పుడు ఫోను తీస్తే నేను నిలబడ్డ చోటు అంకెల్లో వచ్చేస్తుంది. అయినా వాళ్ల అడుగులే ముందు రాస్తాను, ఫోను అంకెలు ఆ తర్వాత. వాళ్ల పేర్లు అన్నిటికంటే ముందు.

సర్కారు పటంలో గుంతలకు నంబర్లే ఉన్నాయి, పేర్లు లేవు. అందుకని మేమే కంచె కడీల మీద గుంత పేరు, తవ్వినవాళ్ల పేర్లు రంగుతో రాశాం. ప్లాట్లు చూడటానికి వచ్చేవాళ్లకు చావులు గుర్తుకొస్తాయని ఎవరో దాని మీద సున్నం పూశారు. మళ్లీ రాశాం. మళ్లీ పూశారు. మూడోసారి కూడా పూశారు. మొన్న ఎండాకాలం రాళ్లు కొట్టే వడ్డెరాయనను పిలిపించి, గుంతకొకటిగా ఎనిమిది కడీల మీదా ఉలితో లోతుగా చెక్కించాం. ఇక చెరపాలంటే సున్నం చాలదు, సుత్తె తేవాలి. సుత్తె తెస్తే చప్పుడవుతుంది. రాతి మీద సుత్తె చప్పుడు ఎక్కడ లేచినా మా ఊరు గుర్తుపడుతుంది.